నూట ఇరవై మీద గొర్లు

కట్టంగూర్‌లో నా పాత కారు గేరుబాక్సు మార్చిన మెకానిక్‌కు ఏ బండైనా ‘బిడ్డ’నే. బిగించిన గేరుబాక్సు వేరే రకం కారుది కావడంతో స్పీడు ముల్లు సున్నా మీదే ఉండిపోయింది. మర్నాడు అమ్మను కంటి ఆపరేషన్‌కు నల్లగొండ తీసుకెళ్లాలి. చూపు ఆనని ఆమె, దారి పొడుగునా స్పీడెంతో చదివి వినిపిస్తామంటేనే కారెక్కుతుంది.

ఆయన ముల్లును కదిలించేందుకు బయట దొరికే చిన్న సెన్సర్ డబ్బా తెచ్చి బిగించాడు. అమ్మను వెనక కూర్చోబెట్టుకుని, ఎలా ఉందో చూద్దామని ముగ్గురం బయలుదేరాం. దారి నిండా గొర్రెలు. వాటి వెనక నేను కారును మెల్లగా పోనిస్తుంటే ముల్లు ఒక్కసారి ఎగిరింది.

"నూట ఇరవై!" అని అరిచాడాయన.

"ఓ నాయినో, మెల్లగ పోనియ్యిరా!" అమ్మ సీటు గట్టిగా పట్టుకుంది.

ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి గొర్రెల కాపరిని బతిమాలాడు. "మామా, జర మెల్లగ తోలు! నీ గొర్లు నూట ఇరవై మీద పోతున్నయ్!"

కారు పక్కకు ఆపాక నా చెవిలో, "బండి ఎంత ఉరికినా ముల్లు నలభై దాటకుంట పెట్టాల్నా?" అన్నాడు.

"నాకు కండ్లే కనవడయి. చెవులు మంచిగనే ఇనవడ్తయి," అంది అమ్మ.

ఆయన నాలుక కరుచుకుని, "తప్పయింది బిడ్డా" అని కారుకు చెప్పాడు. నన్ను మళ్లీ కారు నడపమని, ఫోన్‌లో అసలు స్పీడు చూసుకుంటూ, ముల్లు దానికి సరిపోయేదాకా డబ్బా మీది స్క్రూను తిప్పాడు. మర్నాడు షాపు మూసి మాతోనే వచ్చాడు. అమ్మ పక్కన కూర్చుని, నా భుజం మీదుగా తొంగిచూస్తూ, నల్లగొండ దాకా స్పీడు చదివి వినిపించాడు.