మామయ్యను పరుగెత్తించిన నిశ్శబ్దం

ఆ రోజుల్లో నాకు నాటకం రాయడం వచ్చు గానీ, ఇంకొకరి మాట వినడం రాదు. కోట అనే ఊరి దగ్గర మా పల్లె చర్చిలో ఆడే క్రిస్మస్ నాటకాలన్నీ నావే. ఒకదాంట్లో, కొడుకు చేసిన పనికి కుంగిపోయిన తండ్రిని ఒక్క మాటా లేకుండా స్టేజీ మీద అట్లాగే నిలబెట్టాను. జనం కంటతడి పెడతారనుకున్నాను. "డైలాగు మర్చిపోయినాడు రోయ్!" అని వెనక వరసలోంచి కేక. వేసింది మా మామయ్యే (ఆయన ఇంట్లో తిని, ఆయన రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉంటూనే రాసేవాణ్ణి మరి). అప్పటినుంచి ఊళ్లో నా పేరు మూగనాటకం.

అయినా తగ్గలేదు. రేడియోకి పంపిన మొదటి నాటకంలోనూ మౌనమే పెట్టాను. అది ఒక రొయ్యల రైతు కథ. మొదటినుంచీ మాటల వెనక, రొయ్యలకు గాలి అందించే ఏరియేటర్లు నీళ్లు చిలుకుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. చివర్లో కరెంటు పోయి అది ఆగిపోతుంది. అంతే, ఎవరూ మాట్లాడరు. నాటకాలు చూసే ఆఫీసరుగారు (దేన్నీ కోయకుండా వదలరు గనక రాసేవాళ్లందరికీ కత్తెరసారు) ఆ చోటు కొట్టేసి, "చప్పుడు లేకపోతే స్టేషన్ చెడిపోయిందనుకుంటారయ్యా! ఇక్కడ రైతు చేత 'అయ్యో, కరెంటు పోయిందే, నా రొయ్యలు చచ్చిపోతాయే' అని ఏడిపించు" అన్నారు. నాకు ఒళ్లు మండింది. "మా వైపు ఆ చప్పుడు ఆగితే ఎవరూ ఏడవరు సార్, జనరేటర్ వేయడానికి పరిగెత్తుతారు. ఆ మాట నేను రాయను. కావాలంటే నాటకం వెనక్కిచ్చేయండి" అన్నాను. ఇచ్చేస్తే ఇక జన్మంతా రొయ్యలకు మేత చల్లుకోవడమేనని తెలుసు. చేతులు వణుకుతుంటే వెనక్కి కట్టుకున్నాను. ఆయన నన్నూ కాగితాలనూ మార్చి మార్చి చూసి, "తేడా వస్తే నీకిదే ఆఖరు నాటకం" అని వదిలేశారు.

ప్రసారమైన సాయంత్రం మామయ్య ఫోన్లో రేడియో పెట్టుకుని, "ఎప్పుడు మూగబోతాదో చూస్తా" అంటూ అన్నానికి కూర్చున్నాడు. రైతు కూతురితో ఏదో చెబుతున్నాడు, వెనక ఏరియేటర్లు తిరుగుతున్నాయి. ఉన్నట్టుండి చప్పుడు ఆగింది. మామయ్య కంచం ముందునుంచి లేచి, చెప్పులైనా వేసుకోకుండా, ఎంగిలి చేత్తోనే గుంటల వైపు పరుగు! వెనకే పరిగెత్తి నేను చేరుకునేసరికి గట్టు మీద నిలబడి రొప్పుతున్నాడు. ఎదురుగా ఆయన ఏరియేటర్లు హాయిగా తిరుగుతున్నాయి. "నీ నాటకం పాడుగాను! ప్రాణం పోయినంత పనైందిరా" అన్నాడు. ఆ తర్వాత ఎంతసేపు చూసినా నోరు మెదపలేదు. "డైలాగు మర్చిపోయినావా మామయ్యా?" అని అడగాలని నా నోరు ఎంత దురద పెట్టిందో!

ఇప్పుడు రేడియోవాళ్లే పిలిచి రాయించుకుంటున్నారు. ఇప్పటికీ ప్రతి నాటకంలో ఒక్కచోట ఎవరినీ మాట్లాడనివ్వను. ఎవరైనా అక్కడ పెన్ను పెట్టబోతే, ఆనాటి కుర్రాడిలాగే చేతులు వెనక్కి కట్టుకుని "రాయను" అంటాను. చేతులు మాత్రం వణకడం లేదు. నిజం చెప్పొద్దూ, అవి వణికిన రోజుల్లోనే బాగా రాసేవాణ్ణి.