నేను చెప్పిన మూడు పేర్లు

కిందటి నెలలో ఒక మధ్యాహ్నం బెజవాడలో ఒక ఆసుపత్రి వరండాలో, ఐసీయూ తలుపుకి ఎదురుగా వేసిన స్టీలు కుర్చీల్లో కూర్చుని ఉండగా, మా మేనకోడలు లోపలినుంచి ఒక కాగితం పట్టుకొచ్చి నా చేతిలో పెట్టింది. లోపల ఉన్నది దాని తల్లి, అంటే మా తమ్ముడి భార్య, నా మరదలు. ఒక ఆదివారం భోజనం తర్వాత మొదలైన విరేచనాలు జ్వరంలోకి దిగి, విషం రక్తానికి ఎక్కి, అసలే షుగరు మనిషి కావడంతో నాలుగు రోజుల్లోనే మంచానికి అతుక్కుపోయింది. ఆ రక్తంలో దొరికిన క్రిమి ఏ మందుకి లొంగుతుందో, ఏ మందుకి లొంగదో తెలిపే రిపోర్టు అది. "నువ్వు ముప్పై ఏళ్ళు చేసిన పని ఇదే కదత్తా, ఒక్కసారి చూసి చెప్పు" అంది పిల్ల. కళ్ళజోడు సర్దుకుని చూశాను. ఎడమవైపు మందుల పేర్లు, వాటికెదురుగా ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరం. లొంగితే ఎస్, లొంగకపోతే ఆర్. పైనుంచి ఆర్, ఆర్, ఆర్ అంటూ దిగిపోతున్న ఆ వరసలో మూడు పేర్ల దగ్గర నా వేలు ఆగిపోయింది. ఆ పేర్లు నాకు బాగా తెలుసు. వాటిని ఇక్కడ రాయను. ఒకప్పుడు నోరు విప్పి చెప్పినందుకే ఇంత జరిగింది.

నా ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మన చిన్నతనంలో కోడికూర అంటే క్రిస్మస్‌కో, ఇంటికి చుట్టాలొచ్చినప్పుడో తప్ప లేదు. పెరట్లో తిరిగే పుంజుని పట్టడానికి ఇంటిల్లిపాదీ పరుగులు పెట్టడం, చివరికది చూరెక్కి కూర్చుంటే వచ్చిన చుట్టాలే దించి పెట్టడం కూడా ఉండేది. నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆ కాలం వెళ్ళిపోయింది. పటమటలో మా వీధి చివరే మూడు చికెన్ కొట్లు వెలిశాయి. ఆ కొట్లలోని మాంసం, భవానీపురం వైపు అమ్మే చేపలు, ఆటోనగర్‌లో మెకానిక్కులు తినే మెస్సుల్లోని పచ్చళ్ళు, పాలు, కాలవ నీళ్ళలో కడిగిన ఆకుకూరలు, ఇవన్నీ ఐసుపెట్టెల్లో తెప్పించి, వాటిలో ఏ క్రిములున్నాయో, ఆ క్రిములు ఏ మందుకి చస్తున్నాయో, పోయినేటికీ ఈ ఏటికీ తేడా ఎంతో రాసిపెట్టడమే మా ల్యాబు పని. తిండిలో ఉన్న క్రిమి మందుకి మొండికేస్తే రేపు మనిషి ఒంట్లోనూ మొండికేస్తుంది గనక, ఆ సంగతి ముందే పసిగట్టాలని ఆ ఏర్పాటు.

పని చూడటానికి చాలా మామూలుగా ఉండేది. గాజు పళ్ళెంలో జున్నులా గడ్డకట్టించిన పదార్థం మీద క్రిమిని పల్చగా పరిచి, శనగబద్దంత మందు బిళ్ళల్ని ఎడం ఎడంగా పెట్టి, ఒక రోజు వెచ్చని పెట్టెలో ఉంచేవాళ్ళం. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ క్రిమి పెరగకుండా గుండ్రంగా ఖాళీ మిగిలేది. దాన్ని రింగు అనేవాళ్ళం. సోమవారం పెట్టిన పళ్ళేలు మంగళవారం తీసి, ఆ రింగుల్ని స్కేలుతో కొలవాలి. కింద నల్లగా ఉంటే రింగు బాగా కనబడుతుందని మా సారు, అంటే ల్యాబులో పెద్దాయన, చిరిగిన తన గొడుగులోంచి ఒక చదరపు ముక్క కత్తిరించి నాకిచ్చారు. ఆ రోజుల్లో రింగులు ఎంత వెడల్పుగా వచ్చేవంటే, బిళ్ళలు కాస్త దగ్గరగా పడితే చాలు, రెండూ కలిసిపోయి కొలవడానికి కుదిరేది కాదు. అందుకు నేను తిన్న చీవాట్లు ఇన్నీ అన్నీ కావు. ఆయన ఇంకొక మాట కూడా చెప్పారు, నేను చేరిన మొదటివారంలోనే. "పళ్ళెంలో చూసింది పుస్తకంలోకి పోవాలి, పుస్తకంలోది రిపోర్టులోకి పోవాలి. నోట్లోంచి మాత్రం పోకూడదమ్మా" అన్నారు. మంచి మందు ఇదీ అని బయట తెలిస్తే అందరూ దాని మీదే పడి దాన్ని పాడుచేస్తారని ఆయన భయం. నేను బుద్ధిగా తలూపాను.

నాన్న పోయాక మా తమ్ముడు సేద్యం మీద మనసు విరిగి, గన్నవరం దాటాక మాకున్న మెట్ట చెక్కలో కోళ్ళ షెడ్డు వేశాడు. అమ్మ చిన్నప్పుడే పోవడంతో వాడు నా చేతుల మీద పెరిగినవాడు. నా పెళ్ళినాడు బండి వెనకాల ఏడుస్తూ పరిగెత్తినవాడు. రెండో ఏడు వానాకాలంలో షెడ్డులో జబ్బు పడింది. ఒక మంగళవారం సాయంత్రం వచ్చి మా మెట్ల మీద కూలబడ్డాడు. గడ్డం పెరిగిపోయి ఉంది, చేతులకి సున్నం అంటుకుని ఉంది.

"రోజూ బుట్టెడు కోడిపిల్లల్ని పూడుస్తున్నానక్కా. డాక్టరు చెప్పిన మందు నీళ్ళలో కలిపినా ఆగట్లేదు. ఏది పనిచేస్తందో నీకు తెలుసుగా. ఒక్క పేరు చెప్పక్కా" అన్నాడు.

ఆ ఉదయమే నేను కొలిచిన పళ్ళెంలో, మిగతా రింగులన్నీ కుంచించుకుపోతున్నా, ఒకే ఒక్క బిళ్ళ చుట్టూ నా బొటనవేలు పట్టేంత ఖాళీ ఉంది. ఆ పేరు చెప్పాను. మనుషులకిచ్చే మందు అది. పశువుల మందుల కొట్లో దానికి తోబుట్టువులాంటిది ఇంకొక పేరుతో దొరుకుతుందని కూడా నేనే చెప్పాను. పిల్లలు బతికాయి. వాడు ఊరుకున్నాడా, పక్క షెడ్డు వాడికి చెప్పాడు, వాడు తన బావమరిదికి చెప్పాడు. ఆరు నెలలు తిరిగేసరికి మేత కొట్లలో జనం మందు పేరు కూడా అడగకుండా "ల్యాబు అక్క మందు ఇవ్వండి" అనడం మొదలుపెట్టారు. గన్నవరం బస్సులో ఒక పెద్దాయన నన్ను గుర్తుపట్టి, లేచి నిలబడి తన సీటిచ్చాడు. వద్దన్నా వినలేదు. ఇప్పుడు సిగ్గుగా ఉంది గానీ, ఆ రోజు ఇంటికొచ్చి మా ఆయనకి ఆ సంగతి రెండుసార్లు చెప్పుకున్నాను.

ఆ తర్వాత జరిగింది నా కళ్ళ ముందే, నా స్కేలు కిందే జరిగింది. జబ్బు వస్తే వేసే మందు కాస్తా, జబ్బు రాకుండా మొదటిరోజు నుంచీ నీళ్ళ డ్రమ్ముల్లో కలిపే మందయింది. చికెన్ కొట్ల మాంసానికి పెట్టిన పళ్ళేల్లో ఆ రింగు ఏడాదికేడాది తగ్గుతూ వచ్చి, ఒక మంగళవారం అసలు లేకుండా పోయింది. బిళ్ళ అంచుదాకా క్రిమి పెరిగి ఉంది. పళ్ళెం తిప్పి తిప్పి చూశాను. తమ్ముడు మళ్ళీ వచ్చాడు, రెండో పేరు చెప్పాను. అదీ మూసుకుపోయాక మూడోది చెప్పాను. ఈ ఊళ్ళో జనాన్ని హెచ్చరించడానికని నన్ను కూర్చోబెట్టి జీతమిస్తే, నేను ఆ క్రిములకి ఒక్కొక్క పాఠమే నేర్పుతూ పోయాను. మా సారు మాత్రం రిటైరవబోయే ముందు ఆ మూడు మందుల కొలతలూ ముందరేసుకుని, "మిగతావి మెల్లిగా పడుతుంటే ఈ మూడూ ఒకదాని వెనక ఒకటి ఇంత గబగబా ఎందుకు పడిపోయాయో అంతు చిక్కడం లేదమ్మా" అన్నారు. నేను స్కేలు తుడుస్తూ నిలబడ్డాను. నోరు తెరవాల్సిన ఆ ఒక్క రోజున తెరవలేదు. ఆయన పైవాళ్ళకి రిపోర్టు మీద రిపోర్టు పంపి, ఒక్కదానికీ జవాబు రాకుండానే వెళ్ళిపోయారు. ఇప్పుడాయన లేరు.

ఇక ఆపమని తమ్ముడికి చెప్పాను. చుట్టూ అందరూ వాడుతుంటే తానొక్కడూ ఆపితే షెడ్డు ఖాళీ అవుతుందన్నాడు. "మనం తినేవాటికి పెట్టంలే అక్కా" అని నాకు ధైర్యం చెప్పాడు. ఆ మాట నిజమే. అక్కడ ప్రతి షెడ్డులోనూ ఒక మూల వల కట్టి, ఇంటి వాడకానికి పదో పదిహేనో కోళ్ళని మందు కలపని నీళ్ళతో విడిగా పెంచుకుంటారు. అమ్మేవి వేరు, తినేవి వేరు. ఆదివారం ఆరాధన అయ్యాక మా అందరికీ భోజనం తమ్ముడింట్లోనే, ఆ వల లోపలి కోడితోనే. మరదలు గసగసాలు నూరి వండే ఆ కూర కోసం నేను శనివారం నుంచే ఆకలి దాచుకునేదాన్ని.

ఉద్యోగం చివరి ఏట నాకెందుకో అనుమానమొచ్చి, ఆ ఇంటి కోడి కార్జం ముక్క ఒకటి ల్యాబుకి పట్టుకెళ్ళి, ఏదో కొట్టు పేరు మీద పళ్ళెం పెట్టాను. మంగళవారం గొడుగు గుడ్డ మీద పెట్టి చూస్తే, నా మూడు మందుల చుట్టూ రింగు లేదు. కోడికి మందు పట్టకపోయినా, అవతల మందు తిని ఆరితేరిన క్రిమి చెప్పుల అడుగునా మేత బొచ్చెల్లోనూ వల దాటి వచ్చేసింది. ఆ సంగతి కూడా ఎవరికీ చెప్పలేదు. చెబితే మొదటినుంచీ చెప్పాలి. మాంసం బాగా ఉడికించమని మాత్రం మరదలికి చెప్పాను. "ఏం కాదు వదినా, మసిలే కూరలో పురుగు బతుకుద్దా?" అని నవ్వింది. బతకదు. నిజమే. కానీ కోడిని కోసిన కత్తిపీటనే గుడ్డతో ఒక తుడుపు తుడిచి, కూరలోకి నంజుకోవడానికి దాని మీదే ఉల్లిపాయలూ నిమ్మకాయలూ కోసేది. ముప్పై ఏళ్ళుగా అలాగే కోసింది. నేను పక్కనే పీట వేసుక్కూర్చుని కబుర్లు చెబుతూ చూశాను.

వరండాలో ఆ కాగితం ఇంకా నా చేతిలోనే ఉంది. తమ్ముడు వచ్చి పక్కన కూర్చుని, నా భుజం మీదుగా వంగి చదివాడు. వాడికి ఇంగ్లీషు అంతంతమాత్రమే గానీ, మందు డబ్బాల మీది పేర్లు చదివీ చదివీ వాటి తోకలు, అంటే పేర్ల చివరి అక్షరాలు, బాగా తెలుసు. వాడి వేలు కూడా ఆ మూడింటి దగ్గరే ఆగింది.

"ఇవి మనయ్యే కదక్కా" అన్నాడు.

అవునన్నాను. వాడు ఐసీయూ తలుపు కేసి చూశాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, ఆనాడు మెట్ల మీద కూర్చుని అడిగిన గొంతుతోనే, "ఇంకొక్క పేరు చెప్పక్కా" అన్నాడు. కాగితం అడుగున ఒకే ఒక్క మందు ముందు ఎస్ ఉంది. అది అప్పటికే ఎక్కిస్తున్నారు. కిడ్నీలు తట్టుకోవాలండీ అని డాక్టరు పొద్దున్నే చెప్పి వెళ్ళాడు. నా దగ్గర ఇంకే పేరూ లేదని వాడికి చెప్పాను. మూడోనాడు తెల్లవారుతుండగా మరదలు పోయింది. మట్టి కార్యక్రమానికి ఆ షెడ్ల వాళ్ళందరూ వచ్చారు, నన్ను చూసి లేచి కుర్చీలు ఇచ్చారు.

ఇప్పుడు ల్యాబుల్లో స్కేళ్ళు లేవంటున్నారు. యంత్రంలో పెడితే అదే కొలిచి ఆర్ అని అచ్చు గుద్దేస్తుందట. ఆ గొడుగు గుడ్డ మాత్రం నా బీరువాలో బైబిలు కింద ఉంది. మొన్న తీసి బల్ల మీద పరిచి చూసుకున్నాను. పళ్ళేలు ఆనిన చోట గుండ్రంగా రంగు వెలిసిపోయి ఉంది. ఆ కాలమంతా మళ్ళీ గుర్తొచ్చింది. రింగులు ఒకదాని మీదొకటి పడిపోతున్నాయని, బిళ్ళలు ఎడంగా పెట్టవమ్మా, ఎడంగా పెట్టు అని సారు నా వెనక నిలబడి విసుక్కునేవారు. ఇప్పుడు వాటిని ఎంత దగ్గరగా పెట్టినా రింగులు కలవవు, ఎవరూ ఏమీ అనరు.