శంకర్‌పల్లి వాన గాలి

కనకమామిడిలో మా చుట్టూ పొలాలన్నీ సాఫ్ట్‌వేర్ వాళ్ల ఫాంహౌజ్‌లవుతున్న రోజులవి. మా బోరు ఎండిపోయింది. టమాట నారు ముదిరిపోతోంది. ఓ మధ్యాహ్నం శంకర్‌పల్లి వైపు మబ్బు కొండలా పెరిగింది. కాసేపటికి చల్లగాలి, మట్టి వాసన. వాన వచ్చేస్తోందని నారు పీకడం మొదలుపెట్టాను.

"జర ఆగు బిడ్డా. గది ఆడ కురిసిన వాన గాలి. ఆడ గట్టిగ పడితే ఈడ మబ్బు చెదిరిపోతది" అంది అత్తమ్మ.

"నీకన్నీ అనుమానాలే అత్తమ్మా" అని నారంతా నాటేశాను.

గంటలో ఆకాశం తేటపడి ఎండ కాసింది. మొక్కలు తలలు వాల్చాయి. పక్క ఫాంహౌజ్ వాచ్‌మన్‌ను బతిమాలి, వాళ్ల నల్లా నుంచి చీకటి పడేదాకా నీళ్లు మోశాం. మొదటి బిందె అత్తమ్మే ఎత్తుకుంది.

ఇప్పటికీ చల్లగాలి తగిలితే అందరూ ఆకాశం చూస్తారు. నేను అత్తమ్మ ముఖం చూస్తాను.