చచ్చిన బొమ్మకు కన్ను పెట్టిన కథ

ఆ రోజుల్లో నాకు అర్థంకాని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. అర్థం కాలేదని ఒప్పుకునే అలవాటు లేకపోవడం వల్ల వచ్చిన సుఖం అది. ఇరవై మూడేళ్ళ వయసు, పాత వస్తువులను కాపాడే విద్యలో ఒక డిప్లొమా, అనంతపురంలో ఒక చిన్న సంస్థలో తొలి ఉద్యోగం. నేను చేసే పనేమిటో ఊళ్ళోవాళ్ళకు చెప్పడం చేతగాక మా నాయన "మా పాపది పాతసామాన్ల ఆఫీసు" అని తేల్చేసేవాడు (దాంతో నేను ఊరికి పోయినప్పుడల్లా ఎవరో ఒకరు చిల్లుబిందె తెచ్చి రేటు అడిగేవారు). మా ప్రాజెక్టు పేరు 'ప్రజల భాగస్వామ్యంతో వారసత్వ సంపద పరిరక్షణ'. పరిరక్షణ అంటే ఏమిటో చదువుకున్నాను. ప్రజలు జీపు దిగగానే కనబడతారు. ఇక భాగస్వామ్యమంటే మనం మాట్లాడటం, వాళ్ళు వినడం, చివర్న టీ తాగి అందరూ కలిసి ఫోటో దిగడం అని మనస్ఫూర్తిగా నమ్మేదాన్ని. మా పెద్దాఫీసరు తెల్లటి నూలు తొడుగులు లేకుండా ఏ పాత వస్తువునూ ముట్టుకునేవాడు కాదు. అందుకని ఆయన్ను తొడుగుల సారు అనుకునేవాళ్ళం. ఒకసారి ఆ తొడుగులతోనే ఉగ్గాని, బజ్జీ తిని, అయిపోయాక చేతులు చూసుకుని మమ్మల్ని కోప్పడిన మనిషి.

పామిడికి కొంచెం అవతల ఒక ఊళ్ళో తోలుబొమ్మలాడించే కుటుంబం ఉందని, వాళ్ళ అటక మీద పాత బొమ్మల పెట్టె ఒకటి ఉందని తెలిసి సారు నన్ను పంపాడు. ఇంట్లో ఉండేది ఒక అవ్వ, ఆమె కొడుకు, కోడలు. ఆట కావాలని పిలిచేవాళ్ళు లేక కొడుకు అదే మేకతోలుతో, అవే ఉలులతో కరెంటు దీపాలకు గొడుగులు చేసి అమ్ముతున్నాడు. నేను అన్నా అని పలకరిస్తే ఉలి ఆపకుండానే తల ఊపాడు. నేను వచ్చిన పని చెప్పాక తల్లీకొడుకులు తమ ఇంటిభాషలో (మరాఠీకి చుట్టంలా వినబడే మాట అది) ఏదో అనుకుని, అటక మీద నుంచి రేకుపెట్టె దించారు. పాత చీరలో చుట్టి, మడతమడతకూ వేపాకు వేసి, పదమూడు బొమ్మలు. చేతులు ఊడాయి, అంచులు చిరిగాయి, తోలు పెళుసెక్కింది. అయినా ఒకదాన్ని వాకిట్లో ఎండకు ఎత్తిపట్టుకుంటే ఎరుపూ పసుపూ కలిసి నా ముఖం మీద పడ్డాయి. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏ చదువూ లేకుండా, ఎవరూ చెప్పకుండా ఇంత భద్రంగా కాపాడుకున్నారే, మీలాంటివాళ్ళు ఇంటికొకరుంటే మా ఆఫీసుతోనే పనిలేదని అవ్వను ఆకాశానికెత్తేశాను. ఎత్తేకొద్దీ అవ్వ ముఖం కిందికి దిగిపోయింది. కొడుకు నా వైపు చూడకుండా గడపవైపు చూశాడు. పొగిడితే ఇంత సిగ్గుపడే అమాయకులా అని నేను మరింత కరిగిపోయాను.

ఫారం తీసి ప్రశ్నలు మొదలుపెట్టాను. వస్తువుల ప్రస్తుత పరిస్థితి ఏమిటి అని అడిగితే అవ్వ, "సచ్చిపోయిండాయి పాపా" అంది. నేను 'దెబ్బతిన్నవి' అని రాసుకున్నాను. మరి ఇన్నేళ్ళు ఎందుకు దాచుకున్నారని అడిగితే, "ఏటిలో నీళ్ళు లేక" అంది. ఆ మాటకూ ఈ ప్రశ్నకూ సంబంధం కనబడలేదు. అయినా కరువు సీమలో ఏమడిగినా చివరికి నీళ్ళ దగ్గరికే వస్తారులే అనుకుని, సమస్యలు అన్నచోట 'నీటి ఎద్దడి' అని నింపేశాను. ఆ ఫారం సారుకు తెగ నచ్చింది. పెట్టెను ఎలాగైనా ఆఫీసుకు తేవాలన్నాడు. దానికి ముందు ఆ ఇంట్లోవాళ్ళతో కలిసి ఒక బొమ్మను బాగుచేసి, చేయకముందు ఒకటి, చేశాక ఒకటి ఫోటోలు తీసుకురమ్మన్నాడు. పెట్టె వస్తే నా ఉద్యోగం ఖాయం, రాకపోతే వచ్చే నెల నుంచి ఇంటిదగ్గర మా నాయనతో వేరుశనక్కాయలు వలుచుకోవడమే. సారు ఈ మాట అనలేదు కానీ, ఫైలు మూసిన తీరులో అది వినబడింది.

బాగుచేయడానికి నేను ఏరుకున్న బొమ్మ వాగుడక్క. దేవుళ్ళ కథ నడుమ వచ్చి, మొగుణ్ణీ అత్తనూ ఊరినీ కడిగిపారేసి, జనాన్ని నవ్వించి పోయే గయ్యాళి బొమ్మ. ఎన్నో ఏళ్ళు దానికి గొంతు ఇచ్చింది అవ్వేనట. దుమ్ము తుడవనా అని అడిగితే, "తుడువు తల్లీ, పోయినోళ్ళకు నీళ్ళు పోయమా ఏంది" అంది. ఇదేదో సామెత కాబోలని నేను నవ్వాను. నాతోపాటు కూర్చుని ఎక్కడ మెత్తగా వత్తాలో, ఎక్కడ ముట్టుకోకూడదో ఆమే చూపించింది. భాగస్వామ్యం బాగా కుదిరిందని లోలోపల మురిసిపోయాను. ఇంతలో కొళాయికి నీళ్ళొచ్చాయని కేక వినబడితే అవ్వ, కోడలు బిందెలు తీసుకుని బయటికి పోయారు. శుభ్రమైన వాగుడక్క నున్నగా మెరుస్తోంది కానీ కంటిపాప చెరిగిపోయి, ఫోటోలో చూస్తే గుడ్డిదానిలా ఉంది. పాత వస్తువుకు కొత్త రంగు వేయడం మా చదువులో మహాపాపం. అయితే ఆ పాఠం చెప్పినవాళ్ళెవరూ అక్కడ లేరు, ఫోటో మాత్రం సారుకు పోవాలి. నా సంచిలోని నల్లరంగు డబ్బా తీసి, సన్న కుంచెతో కంట్లో ఒక్క చుక్క పెట్టాను. వాగుడక్క నన్నే చూస్తున్నట్టనిపించింది. నా పనితనానికి నేనే దిష్టి తీసుకోవాలనుకున్నాను.

అవ్వ బిందె దించి, బొమ్మను చూసి, బిందె పక్కనే కూలబడింది. అన్న చేతిలో ఉలి ఆగిపోయింది. కన్ను ఎవరు రాశారని అవ్వ అడిగింది. నేనే, బాగా కుదిరింది కదా అన్నాను. అప్పుడు అన్న నోరు విప్పి, చిన్నపిల్లకు చెప్పినట్టు నిదానంగా చెప్పాడు. వాళ్ళ ఇంట్లో బొమ్మకు అన్నీ అయ్యాక చివర్న, టెంకాయ కొట్టి, దీపం మసితో కంటిపాప పెడతారు. అప్పుడు దానికి ప్రాణం వస్తుంది. ఆడి ఆడి ఇక పనికిరాకుండా చిరిగిపోతే, ఇంటిల్లిపాదీ కూర్చుని తడి బొటనవేలితో ఆ కన్ను తుడిచేస్తారు. అంతటితో బొమ్మ పోయినట్టు. ఆ తర్వాత దాన్ని పారే నీళ్ళలో సాగనంపాలి. పెన్నలో పారే నీళ్ళు కనబడి ఏళ్ళయింది. అందుకని పదమూడు శవాలు అటక మీదే ఉండిపోయాయి. పండగొచ్చినా అవ్వ నోట్లో తీపి పెట్టుకోలేదు, నెత్తిమీద సాగనంపని శవాలను పెట్టుకుని ఎట్లా తినేదని. తను పోయేలోగా వాళ్ళను పంపగలనా అన్నదే ఆమె దిగులు. నేను పొగిడినప్పుడు ఆమె ముఖం ఎందుకు వాడిందో అప్పుడు తెలిసింది. పోనీ ఇప్పుడే తుడిచేస్తానని గుడ్డ తీశాను.

"బతికినదాన్ని ఇంగోసారి సంపుతావా?" అంది అవ్వ. నేను గుడ్డ కింద పెట్టాను. బొమ్మ వైపు చూసి ఆమే అంది: "లేసినాక ఆడాల. ఆడినాకే పోవాల. లేపినోళ్ళే పట్టాల."

కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనని తెలిసింది. సారుకు ఫోన్ చేసి, ఒక చనిపోయిన బొమ్మ నావల్ల బతికిందని, అది ఒకసారి ఆడితే తప్ప మళ్ళీ చనిపోవడానికి వీల్లేదని చెప్పాను. సారు ముందు నా ఆరోగ్యం గురించి అడిగాడు. మూడోసారి చెప్పాక, ఇది ఏ ఖర్చు కింద రాయాలో చూస్తానన్నాడు. ఈలోగా ఊళ్ళో మాట ఊళ్ళో ఆగలేదు. అనంతపురం పాప చచ్చినదాన్ని లేపిందంట అని నన్ను చూడటానికి జనం వచ్చారు. చూసి, ఇంత సన్నగా ఉందే అని నిరాశపడి పోయారు. ఒక తాత మాత్రం గడప దగ్గరే కూర్చుని, తన చేనులో బోరు ఎండిపోయి మూడేండ్లయిందని, పొయ్యేటప్పుడు ఒకసారి చూసిపొమ్మని అడిగాడు. నావల్ల కాదని చెబితే నమ్మలేదు. బొమ్మకైతే చేసిందంట, రైతుకు చేయదంట అని గొణుక్కుంటూ పోయాడు.

పామిడి నుంచి తెల్లగుడ్డ తెచ్చి తెర కట్టారు. పొద్దు గూకగానే ఆట. నాకు నేర్పడానికి అన్న రెండురోజులు తంటాలుపడ్డాడు. బొమ్మ కుడిచేయి ఊపమని ఆయనంటే వాగుడక్క తల ఊపేది, దాని తల ఊపమంటే నేను నా తల ఊపేదాన్ని. తెర వెనక బల్బు వేడికి చెమటలు కారుతుంటే బొమ్మను నిలబెట్టే వెదురుబద్ద పట్టుకుని నిలబడ్డాను. నా పట్టులో బొమ్మకు చలిజ్వరం వచ్చినట్టుంది. పక్కన అవ్వ గొంతు సవరించుకుంది. ఇన్నేళ్ళు మూలిగిన ఆ గొంతు ఒక్కసారిగా చాకులా లేచింది. "ఎవుర్తే నన్ను లేపింది? సుఖంగా పండుకోనుంటి. వాన వచ్చిందా? లేదు. ఏట్లో నీళ్ళొచ్చినాయా? లేదు. ఇంగ ఏం జూసేదానికే లేపితివి?" అని మొదలుపెట్టి నా జీతం, నా జడ, నా ఫారం, దేన్నీ వదల్లేదు. జనం పడీపడీ నవ్వుతున్నారు. ఆట కోసం అనంతపురం నుంచి వచ్చి ముందువరసలో తొడుగులతో కూర్చున్న సారును చూసి, ఈయప్ప చేతులకేమైంది, కాలినాయా అని అడిగింది. సారు తొడుగులు విప్పి జేబులో పెట్టుకున్నాడు. ఆ ఊపులో నేను కొంచెం గట్టిగా లాగితే వాగుడక్క ఎడమచేయి ఊడి తెర మీద నుంచి జారిపోయింది. అవ్వ మాత్రం తడుముకోకుండా, "పోతే పోనీ, ఈ ఊర్ని తిట్టేదానికి ఒక చెయ్యి సాలు" అంది. ఆట అయ్యాక ఆమె చెంగుతో ముఖం తుడుచుకుంటుంటే చూశాను. నవ్వుతోందో ఏడుస్తోందో తేల్చుకోలేకపోయాను. ఆట మొత్తం రికార్డు చేయాల్సిన సారు, నవ్వుతూ ఫోన్ నొక్కడం మరిచిపోయాడట.

పెట్టె గురించి సారు మళ్ళీ అడగలేదు. నీళ్ళొచ్చేదాకా అక్కడే ఉండనీ అన్నాడు, నా ఉద్యోగం సంగతి కూడా అట్లాగే ఉండనిచ్చాడు. మెలకువగా ఉన్న బొమ్మను శవాల పక్కన పెట్టకూడదు కాబట్టి వాగుడక్కను గోడకు తగిలించారు. అన్నం తినేటప్పుడు అవ్వ దానితో రెండు మాటలు కూడా ఆడేది. అన్న ఇంకో వాగుడక్కను చేయడానికి దాని మీద కొత్తతోలు పరిచి, అవే గీతలు, అవే చిల్లులు ఎత్తుకున్నాడు.

మరుసటి ఏడు పైన ఎక్కడో వానలు దంచికొట్టి పెన్నకు నీళ్ళొచ్చాయి. ఫోన్ రాగానే నేను, సారు పరుగెత్తాం. పామిడి జనమంతా ఒడ్డునే ఉన్నారు, నీళ్ళను చూడటానికి. పసుపు, పూలు పెట్టి పన్నెండు బొమ్మలను ఒక్కొక్కటిగా వదిలారు. కాపాడమని నాకు జీతమిస్తున్న వస్తువులు నా కళ్ళముందే కొట్టుకుపోతుంటే, ఇది నా ఓటమో మా ప్రాజెక్టు గెలుపో తెలియక నిలబడ్డాను. చివరికి వాగుడక్క మిగిలింది. నువ్వు పెట్టిన కన్ను నువ్వే తుడువు అని అవ్వ నా చేతికిచ్చింది. బొటనవేలు తడిపి తుడిచాను. పోలేదు. గట్టిగా రుద్దాను. పోలేదు. అప్పుడు గుర్తొచ్చింది, నా డబ్బాలోది దీపం మసి కాదు. ఎండకూ నీటికీ చెక్కుచెదరని రంగు అది, మా చదువంతా కలిసి కనిపెట్టింది. అవ్వ తుడిచింది, అన్న తుడిచాడు, సారు ఉత్తచేత్తో తుడిచాడు. వాగుడక్క మా నలుగురినీ మార్చిమార్చి చూస్తూనే ఉంది. నేను ఏడుపు ఆపుకోలేక, తప్పయిపోయింది అవ్వా అన్నాను.

అవ్వ బొమ్మను వెల్లకిలా నీళ్ళమీద పెట్టి, మెల్లగా తోసింది. "ఏడ్సొద్దు పాపా. చూసుకుంటా పోనీ. ఇంత నీళ్ళు అది యానాడు చూసింది గనక" అంది.

ఇంటికి పోయి ఆమె కోడలి చేత బెల్లం తెప్పించుకుని, అందరికీ పెట్టి తనూ నోట్లో వేసుకుంది. కొత్త వాగుడక్కకు ఇప్పుడు ఆ కోడలే గొంతు ఇస్తోంది. నేను ఇంకా ఇదే ఉద్యోగంలో ఉన్నాను. కొత్తగా చేరిన పిల్లలు తెల్లటి తొడుగులు వేసుకుని, తమకు అర్థంకానిది ఏదీ లేనట్టు నా ముందు నిలబడతారు. వాళ్ళను చూస్తే ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది, కొంచెం దిగులూ వేస్తుంది. పెన్న వైపు వాన పడిందని విన్న రోజున మాత్రం, ఒంటిచేతి ఆడమనిషి ఒకతె కన్నార్పకుండా ఆకాశం చూసుకుంటూ ఎక్కడిదాకా పోయి ఉంటుందో అనుకుంటాను.