తాతయ్య ఫోటో మీద మసక

నా చిన్నప్పుడు మా ముందుగది గోడకు తాతయ్య పెద్ద ఫోటో ఒకటి ఉండేది. పోయిన మనిషికి మిగిలిన ఫోటో అదొక్కటే. తుఫానుకు దాని అద్దం పగిలిపోతే, మా నాయనమ్మ పలాస తీసుకెళ్లి ప్లాస్టిక్ రేకు వేయించింది. ఈసారి పడినా పగలదని ఆమె ధైర్యం.

ఒకరోజు ఆమె జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్లింది. నేను ఇల్లంతా తుడిచి, ఫోటో కూడా తళతళలాడాలనుకున్నాను. పీటెక్కి దింపి, గిన్నెలు తోమే కొబ్బరిపీచుకు బూడిద అద్ది, బలమంతా పెట్టి రుద్దాను. ఇత్తడి చెంబు అలా రుద్దితేనే కదా మెరిసేది! తడిగుడ్డతో తుడిచి చూస్తే తాతయ్య ముఖం లేదు. పొగమంచులో ఎవరో నిలబడ్డట్టుంది.

సాయంత్రం నాయనమ్మ వచ్చి ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడింది.

"ఏటే అమ్మీ, అలా బిక్కసచ్చిపోయి ఉన్నావు?"

"తాత కనబడతన్నాడా?" అన్నాను.

"నా కళ్ళకి మసకొచ్చి సాన్నాళ్ళయిందే. బొమ్మ బాగానే ఉన్నాది. రా, అంబలి తాగు."

ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. మర్నాడు ఆమె ఇంటికి తెచ్చుకున్న జీడిపప్పును పక్కన కూర్చుని వలిచాను. శుభ్రంగా వలిచాననుకున్న బద్దను ఆమె తీసుకుని, నా కంటికి ఆనని పొట్టు ముక్కను గోటితో గీకి పారేసింది. అప్పుడు తెలిసింది నాకు. బతికున్నంతకాలం ఆమె ఆ రేకు మార్పించలేదు. మారిస్తే నేను నొచ్చుకుంటాననేమో. రోజూ ఆ మసకకే దండం పెట్టుకునేది.

మొన్న మా ఆయన ఫోటోకు ఫ్రేము కట్టించడానికి పలాస వెళ్లాను. ఆయన్ని తీసుకుని ఆసుపత్రుల చుట్టూ తిరిగి అరిగిపోయిన కాళ్ళు. షాపులో బల్ల మీద కూలబడ్డాను.

"అద్దమైతే నిగనిగలాడతాది మామ్మా, గానీ ఇంత పెద్దది మోయలేవు. పలాస్టిక్కయితే తేలిక, గీతలు పడతాయి. ఏటి సెయ్యమంతావు?" అన్నాడు షాపతను.

ఫోటో పెట్టే గోడకిందే మా మనవరాలి పక్క. ఏడేళ్ళది, చేతికందిందల్లా తోముతుంది. పగిలిన ముక్కలు ఏరే ఓపిక నాకిక లేదు. ప్లాస్టిక్కే వేయమన్నాను. ఫోటో కింద వేయడానికి, నోటితో ఎన్నడూ పలకని ఆయన పేరును ఈ వయసులో నేర్చుకున్న అక్షరాలతో రాసిచ్చాను.

ఏదో ఒకరోజు ఆ పిల్ల దాన్ని రుద్దేస్తుంది. రుద్దనీ. మసక నా కళ్ళదేనని చెప్పడం నాకూ వచ్చు.