మట్టి తొక్కే కాళ్ళు

వడమాలపేటలో మా వీధి ఆడవాళ్ళందరికీ మా అమ్మ కోలాటం నేర్పింది, నాకు తప్ప. నేర్పలేదని కాదు, నేర్పీ నేర్పీ విసిగిపోయింది. "నీ కాళ్ళకి తాళం ఎక్కదు మే. ఇటికెలకి మట్టి తొక్కేదానికి బాగుంటాయి" అని నలుగురిలోనే అనేసేది. నేను కోలలు అక్కడే పారేసి, తిరుపతిలో ఉద్యోగం చూసుకుని, సాయంత్రం బస్సు దిగి ఆ ఆటను దూరంనుంచే చూసి మూతి తిప్పుకుని ఇంటికొచ్చేదాన్ని.

అమ్మ కోలాటం ఆషామాషీ వ్యవహారం కాదు. కయ్యల్లో కలుపు పనికి పోయొచ్చినవాళ్ళు, పూలు కట్టేవాళ్ళు, అందరూ దీపాలవేళకి రామాలయం ముందున్న సిమెంటు నేల మీద చేరేవాళ్ళు. పాట తనే కట్టేది, తనే పాడేది, వాళ్ళతోపాటు తనూ ఆడేది. ఎవరైనా అడుగు తప్పితే పాట ఆపకుండా కళ్ళతోనే తిట్టేది. నన్నయితే పాట ఆపి మరీ తిట్టేది. ఏటా అలిపిరిలో మెట్ల పూజ నాడు అందరూ ఒకే రంగు చీరలు కట్టుకుని పోయి ఆడి వచ్చేవాళ్ళు.

పోయినేడు పక్షవాతం వచ్చి అమ్మ కుడిచెయ్యి పడిపోయింది. చెయ్యి కొంచెం కొంచెం కదిలింది గానీ మాట పోయింది. నోట్లో ఒక్కటే మిగిలింది, "అదే." నీళ్ళు కావాలన్నా అదే, కోపమొచ్చినా అదే, నన్ను పిలవాలన్నా అదే. "మనసులో అంతా ఉంది, నోటికి దారి దొరకడం లేదు, మాట్లాడిస్తూ ఉండండి" అన్నాడు తిరుపతి డాక్టరు. మాట్లాడించాం. చెంబు చూపించి "ఇదేందమ్మా?" అని చంటిపిల్లను అడిగినట్టు అడిగితే, ఆమె చెంబును కాక నన్ను ఒక చూపు చూసి గోడవైపు తిరిగి పడుకునేది. కోలాటం వాళ్ళు యాపిల్ పండ్లు తెచ్చి, మంచం చుట్టూ చేరి ముక్కు చీదుతుంటే ఆమెకు ఒళ్ళు మండేది. అది గమనించి వాళ్ళూ రావడం తగ్గించారు. రామాలయం ముందు ఆట కూడా ఆగిపోయింది.

ఇంక ఈ జన్మలో అమ్మ నన్ను తిట్టదేమోనని నాకు భయం పట్టుకుంది. తిట్టు కోసం కాచుకుని కూర్చునే కూతురు ఎక్కడైనా ఉంటుందా? నేను కూర్చున్నాను.

మా పక్కింటి అత్త ఆదివారం చర్చికి పోతుంది, మిగతా రోజులు కాలవ నీళ్ళ మీద మా అమ్మతో తగాదా పడుతుంది. తగాదాకి మనిషి లేక తోచలేదనుకుంటాను, ఒక మధ్యాహ్నం చింతపండు గంప తెచ్చుకుని అమ్మ మంచం పక్కనే కూర్చుంది. గింజ రాలడానికి చిన్న కట్టెతో కొడుతోంది, టక టక టక, ఒకే వరసలో. నేను వంటింట్లో ఉన్నాను. పాట వినిపించింది.

"తోపు దారిలోన వచ్చి నీళ్ళు తోడవే పిల్లా..."

అమ్మ కట్టిన పాటే. ఎవరో ఫోనులో పెట్టారనుకుని వచ్చి చూస్తే, పాడుతున్నది అమ్మ. అక్షరం పొల్లుపోకుండా, చరణం వెంట చరణం. పక్కింటి అత్త కళ్ళనీళ్ళు కారిపోతున్నా కట్టె మాత్రం ఆపలేదు. "నేను ఆపితే ఆయమ్మ పాట ఆగిపోతాదేమోనని భయమేసింది పాపా" అంది తర్వాత. ఆ పూట చింతపండు సగం గింజలతో సహా నుగ్గయింది.

పాట అయ్యాక, "అమ్మా, నీళ్ళు కావాలా?" అన్నాను ఆశగా.

"అదే" అంది.

సరే, పాటనే పట్టుకున్నాం. దాహమైతే అమ్మ 'తోపు దారి' ఎత్తుకునేది. నాయన అదే వరసలో "ఇడ్లీ పెట్టేదా, దోసె పోసేదా" అని పాడేవాడు. నాయన గొంతెత్తితే కోళ్ళు గూట్లోకి దూరతాయి. అయినా అమ్మ నవ్వింది, ఎన్నాళ్ళకో. ఆ నవ్వు చూసి ఆయన ఇంకా రెచ్చిపోయాడు.

పక్కింటి అత్త ఊరుకోలేదు. ఇల్లిల్లూ తిరిగి, "పండ్లు తెచ్చి ఏడ్సేదానికైతే రావద్దండి. కోలలు ఎత్తుకోని రాండి. ఈడనే, ఆయమ్మ మంచం ముందరే ఆడండి" అని చెప్పింది. వచ్చారు. తీరా చూస్తే ఒక మనిషి తక్కువ. కోలాటంలో ప్రతి ఒక్కరికీ ఎదురుగా ఒక ఉద్ది ఉండాలి. జత లేకపోతే కోల ఎవరికి తగిలిస్తారు? అమ్మ ఆడే చోటు ఖాళీగా ఉంది. అందరూ నావైపే చూశారు.

"నా కాళ్ళ సంగతి తెలుసు కదా" అన్నాను.

"తెలుసులే, రా మే" అని పూలు కట్టే అక్క నాకు ఉద్దిగా నిలబడింది. పాపం, ఆ తర్వాత ఆమె మణికట్టుకు నా దెబ్బ తగలని రోజు లేదు.

అమ్మ వాకిట్లో వేసిన మంచం మీద కూర్చుని, ఎడమచేత్తో కోల పట్టుకుని, మంచం కోడు మీద తాళం వేస్తూ పాడేది. ఆఫీసు చికాకులు, ఆస్పత్రి తిరుగుళ్ళు, ఆ చుట్టులో ఉన్నంతసేపు నాకు గుర్తొచ్చేవి కావు. చెమటలు పట్టి, ఆయాసపడి, ఒకరి మీద ఒకరం పడి నవ్వుకునేవాళ్ళం. వాళ్ళందరి మీదా నాకు చెప్పలేనంత ప్రేమ పుట్టింది, దెబ్బలు తిన్న అక్క మీద మరీను. ఒక్కటే దిగులు. అడుగు తప్పినప్పుడల్లా అమ్మవైపు చూసేదాన్ని. ఆమె పాడుతూనే ఉండేది.

మెట్ల పూజ దగ్గరపడింది. అమ్మను ఆటోలో అలిపిరికి తీసుకుపోవాలని అందరూ అనుకున్నారు. ఆ సాయంత్రం వేగం పెంచి ఆడుతున్నాం. అడుగుల వరస మారేచోట అందరూ కుడికి తిరిగితే నేను ఎడమకు తిరిగాను. కోలకు కోల తగులుకుని, మనిషి మీద మనిషి పడి, చుట్టు మొత్తం చెదిరిపోయింది.

పాట ఆగిపోయింది.

అమ్మ కోలను నావైపు చూపిస్తోంది. పెదవులు వణుకుతున్నాయి. "అదే... అదే..." అంది. కాదన్నట్టు తల విదిలించింది. కళ్ళలో పాత కోపం. "మట్టి..." అంది. రాగం లేదు, తాళం లేదు, ఉత్త మాట. "మట్టి... తొక్కు పోవే!"

నాయన గరిటె చేతిలో పట్టుకునే బయటికి పరుగెత్తుకొచ్చాడు. పక్కింటి అత్త కళ్ళు తుడుచుకుంటూ, "తిట్టు వచ్చింది కదా, ఇంక నాతో తగాదా కూడా వచ్చేస్తాది" అంది.

నేను ఏడుస్తూ, నవ్వుతూ మళ్ళీ అక్క ఎదురుగా నిలబడ్డాను. అమ్మ పాట మొదట్నుంచి ఎత్తుకుంది. వరస మారే చోటు రాగానే అందరూ కుడికి తిరిగారు. నేను ఎడమకే తిరిగాను, ఈసారి కావాలనే.