తమ్మిలేరులో తాతగారి బూట్లు

చేతులు కడుక్కుంటుండగా అమ్మ ఉంగరం తమ్మిలేరులో జారిపోయింది. మేము అమ్ముకోకుండా మిగుల్చుకున్న బంగారం అదొక్కటే. నేను మెటల్ డిటెక్టర్ అద్దెకు తెచ్చాను. ఏలూరు కొట్లో చేపల చెరువుల్లోకి దిగేవాళ్ల రబ్బరు బూట్లు చూపిస్తే, అలాంటివి మా ఇంట్లో ఎవరూ తొడగలేదని చెప్పి, తాతగారి తోలు బూట్లతోనే ఏట్లోకి దిగాను. అడుగడుక్కీ డిటెక్టర్ కూసింది. ఆ బూట్ల మడమలకు ఇనుప లాడాలున్నాయి.

ఒడ్డున బట్టలుతుకుతున్న ఆవిడ నవ్వింది.

"మీ బూట్లు దొరికేశాయి కదండీ! ఇంక ఉంగరం సంగతి చూడండి."

మర్నాడు అదే కొట్టుకు వెళ్లి, "నిన్న వద్దన్నవే ఇవ్వండి" అన్నాను. వాటిలో ఇనుము మచ్చుకైనా లేదు. సాయంత్రానికి ఇసుకలో జానెడు లోతున ఉంగరం దొరికింది. బురదైనా కడగకుండా, ఆ బూట్లతోనే నడివీధిలో ఇంటికి నడిచి అమ్మ వేలికి తొడిగాను.